పసిబిడ్డ యున్న యింట పెంపుడు కుక్క

మన పల్లెలలో కుక్క యింటికి కావలి. ఆ యింటికి పసిబిడ్డ వచ్చినప్పుడు దానికి గలుగు మార్పును చాలమంది గమనింపరు. తొలికాన్పు సాధారణముగా పుట్టింటనే జరుగును. తల్లి మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వచ్చును. అంతవరకు బిడ్డను చూడని కుక్కకు ఒక్కదినములోనే క్రొత్త వాసన, క్రొత్త యేడుపు ఎదురగును. తన చోటును మారిపోవును.

కావున బిడ్డ రాకమునుపే బిడ్డ వాడిన గుడ్డ నొకదానిని తెచ్చి కుక్కకు వాసన చూపుట మంచిది. దాని తిండివేళలను మార్చరాదు. తొలిదినమున కుక్కను త్రాటితో పట్టుకొని, దూరమునుండియే బిడ్డను చూడనిచ్చి, నెమ్మదిగా నున్నచో మెచ్చుకొనవలెను. అది గుర్రుమన్నచో కొట్టరాదు. గుర్రుమనుట హెచ్చరిక, కొట్టినచో హెచ్చరింపకయే కరచుట నేర్చును. ఎంత సాధువైనను బిడ్డకడ కుక్కను ఒంటరిగా విడువరాదు. సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలములోని ఎర్రవల్లిలో 2016 డిసెంబరున రెండు పడకగదుల యిండ్లలో సామూహిక గృహప్రవేశములు జరిగినవి. అట్టి యిండ్లలో బిడ్డ నిద్రించు గదికి తలుపు వేయుట సులభము. ఒకే గది గలవారు కుక్కను వాకిట కట్టవలెను.

పంచతంత్రమందలి ముంగిస కథ మన మెరిగినదే. పాము బారినుండి బిడ్డను కాపాడిన ముంగిసను, దాని నోటి నెత్తురు చూచి, విచారింపకయే చంపిరి. విచారింపక అనుమానించుట యెట్లు తప్పో, విచారింపక నమ్ముటయు నట్లే తప్పు.

అన్నిటికంటె భయంకరమైనది రేబిస్. లక్షణములు పొడసూపిన పిమ్మట దాదాపు ఎవరును బ్రతుకరు. కాని సకాలమున టీకా వేసినచో నివారింపవచ్చును. పసిబిడ్డ తన గాయమును చెప్పుకొనలేదు గనుక చిన్న గీరునైనను తేలికగా నెంచరాదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. ఆలసింపక ఆసుపత్రికి గొనిపోవలెను. చర్మములో వేయు టీకాను, తొలి సూది దినమును సున్నగా నెంచి, 3, 7, 28వ దినములందు మరల వేయుదురు. గాయము లోతైనచో ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడ అవసరము. శైశవము గాని, గర్భము గాని టీకాకు అడ్డు కాదు.

1885 జూలై 6న ఫ్రాన్సుదేశమున లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరుకు ఈ టీకాను వేసెను. ఆ దినమే నేడు ప్రపంచ జూనోసిస్ దినముగా పాటింపబడుచున్నది. కుక్కపిల్లకు మూడవ నెలలో తొలి టీకాయు, పిదప వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట టీకాయు వేయింపవలెను. నులిపురుగుల మందును మరువరాదు. కుక్క మలముతో చెడిన మన్ను ప్రాకు బిడ్డ నోటికి చేరుటయు ప్రమాదమే.

బిడ్డ పుట్టెనని కుక్కను వీధిపాలు చేయువారు కలరు. దానివలన భయము తొలగదు. ఒకయింటి భయము ఊరందరిది యగును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారము పెంపుడు జంతువుల టీకాలు, సంతాననిరోధ శస్త్రచికిత్స యజమానుల బాధ్యత. వీధికుక్కల విషయమున నది స్థానిక సంస్థల బాధ్యత.

కావున పంచాయతీ సభ్యులు తమ వార్డులో కుక్కలున్న యిండ్ల జాబితాను వ్రాసికొని, పశువైద్యునితో మాటలాడి టీకా దినమును నిర్ణయించి, దండోరా వేయింపవలెను. గర్భిణీ స్త్రీలున్న యిండ్లను ఆశా కార్యకర్త యెరుగును. ఆ యిండ్ల కుక్కలకు ముందుగా టీకా వేయించినచో, బిడ్డ యింటికి వచ్చునాటికే ఊరు సిద్ధముగా నుండును.