ఛలో జైసల్మేర్... టామీతో సహా!

సత్యజిత్ రాయ్ 1974లో ‘సోనార్ కెల్లా’ తీసిన జైసల్మేర్ కోటా, ఆ థార్ ఎడారీ చూడాలని ఎవరికుండదు? వికారాబాద్, తాండూరుల నుంచి కారులో 1,500 కిలోమీటర్ల పైమాటే! ఇంటిల్లిపాదీ బయల్దేరితే టామీ ఊరుకుంటుందా?

తీసుకెళ్లండి, కానీ చలికాలంలోనే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ ఒంటివేడి తగ్గించుకుంటుంది. ఎండలో అద్దాలు బిగించిన కారులో దాన్నొదిలి మీరు టీ తాగడానికి దిగారో, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది.

మే నెలలో షాబాదు బండల మీద ఉత్తకాళ్లతో నడవడమంటే ఏమిటో తాండూరు వాళ్లకి వేరే చెప్పాలా? ‘సమ్’ తిన్నెల ఇసుకా అంతే. చేతి వెనకవైపు ఆనించి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే టామీని దింపొద్దు. గుడారంలో రాత్రి చలి వణికిస్తుంది, దానికీ ఓ దుప్పటి పెట్టండి.

పిల్లంటారా? పక్కింటి పిన్నిగారికి అప్పగించడమే నయం!