దారి తెలిసినవాణ్ని పంపేశాక

కెనడా వాయవ్య కొసన డెంప్‌స్టర్ హైవే అని ఒక రోడ్డుంది. హైవే అన్నారు కదా అని నాలుగు వరసల తారు రోడ్డు ఊహించుకోకండి. రెండు కొసల్లో కొద్ది కిలోమీటర్లు తప్ప అంతా కంకరే. ఒకప్పుడు బంగారం వేటకు పేరుమోసిన డాసన్ సిటీకి తూర్పున దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో మొదలై, ఇనువిక్ అనే చిన్న పట్టణం దాకా 736 కిలోమీటర్లు సాగుతుంది. హైదరాబాద్ నుంచి ముంబై ఎంత దూరమో ఇంచుమించు అంత. ఆ మధ్యలో ఉన్న ఊళ్లు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలా ఎక్కువ. 1959లో పని మొదలుపెడితే, మధ్యలో ఏళ్ల తరబడి ఆగిపోయి, చివరికి 1979 ఆగస్టులో రోడ్డు తెరిచారు. వేసవి రాగానే మోటార్ సైకిళ్ల మీద గుడారం, పడక, వంట సామాను కట్టుకొని ఎక్కడెక్కడివాళ్లో ఈ దారి పడతారు.

ఆ రోడ్డుకు పెట్టిన పేరు దారి వేసిన ఇంజినీరుది కాదు, ప్రధానమంత్రిది కాదు. దారి తప్పిన నలుగురిని వెతకడానికి బయలుదేరిన ఒక పోలీసు కార్పొరల్‌ది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు బండి సర్దుకోవాలి.

మొదటి లెక్క పెట్రోలుది. దారి మొదట్లో ట్యాంకు నింపుకుంటే మళ్లీ పెట్రోలు దొరికేది 369వ కిలోమీటరు దగ్గర, ఈగిల్ ప్లెయిన్స్‌లో. అది ఊరు కాదు, ఒక హోటలు, ఒక బంకు, ఒక మెకానిక్ షెడ్డు. 20 లీటర్ల ట్యాంకు ఉండి లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండి కాగితం మీద 400 కిలోమీటర్లు పోవాలి. కానీ సామాను బరువు, ఎదురుగాలి, కంకరలో చక్రం జారుడు కలిస్తే ఆ లెక్క తప్పుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక డబ్బాలో విడిగా పెట్రోలు పట్టుకెళతారు. తర్వాత టైర్లు. ఈ రోడ్డు మీద పరిచిన రాళ్లలో కొన్నిచోట్ల పలకరాయి ముక్కలు కత్తుల్లా ఉంటాయి. పంక్చరు సామాను, గాలి పంపు, వాటితో పని చేయడం వచ్చిన చేతులు, ఈ మూడూ ఉండాలి. ఊళ్ల దగ్గర తప్ప సెల్ ఫోన్ పనిచేయదు.

ఈ రోడ్డు నేలను తవ్వి వేసింది కాదు, నేల మీద కప్పినది. అక్కడి నేల అడుగున మట్టి ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దాన్ని గీరి రోడ్డు వేస్తే ఎండాకాలంలో కరిగి, రోడ్డూ లారీలూ కలిసి బురదలో దిగబడతాయి. అందుకని 1.2 మీటర్ల నుంచి 2.4 మీటర్ల మందాన కంకర పోసి, మంచుగడ్డ మీద దుప్పటి కప్పినట్టు కప్పారు. దాని మీద ప్రయాణం. దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఎండలో అది రోడ్డును గట్టిగా పట్టి ఉంచుతుంది గానీ, వాన పడిందా, వానాకాలం నల్లరేగడి మీద స్కూటర్ నడిపినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అంత బరువు బండి ఒక్కసారి పక్కకు ఒరిగితే ఒంటరి మనిషి లేపలేడు. అప్పుడు వెనక వచ్చే లారీ కోసం ఎదురుచూడటమే. ఆ లారీ ఆగుతుంది. ఆ ప్రాంతంలో రోడ్డు పక్కన ఆగి ఉన్న బండిని చూసి, క్షేమమేనా అని అడగకుండా పోయేవాళ్లు అరుదు. అక్కడి చలి నేర్పిన మర్యాద అది.

రాత్రి గుడారం వేసుకోవడానికి ప్రభుత్వం ఏర్పరచిన స్థలాలున్నాయి. టూంబ్‌స్టోన్ పర్వతాల నడుమ 71వ కిలోమీటరు దాటగానే ఒకటి, ఇంజినీర్ క్రీక్ దగ్గర ఒకటి, ఆర్కిటిక్ వలయం దాటాక రాక్ రివర్ దగ్గర మరొకటి. రాత్రి అన్నది మాటవరసకే. జూన్ నెలలో అక్కడ చీకటి పడదు, కళ్లకు గుడ్డ కట్టుకొని పడుకోవాలి. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోటు కాబట్టి తినే వస్తువు ఏదీ గుడారంలో ఉంచకూడదు, వంట కూడా గుడారానికి దూరంగా చేసుకోవాలి. పళ్ల పేస్టు సైతం బయటే, వాసన పట్టని పెట్టెలో. ఎలుగుకన్నా ఎక్కువ బాధ పెట్టేవి మాత్రం దోమలు. ఐగుప్తు మీదికి వచ్చిన తెగుళ్లను చదివినప్పుడు మనం అంతగా పట్టించుకోం గానీ, జూలైలో రాక్ రివర్ దగ్గర దిగి హెల్మెట్ తీసినవాడు ఆ అధ్యాయాన్ని వేరేగా చదువుతాడు.

405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వలయం. అందరూ అక్కడ ఫొటో దిగుతారు. 465 దగ్గర యూకాన్ ప్రాంతం ముగిసి వాయవ్య ప్రాంతాలు మొదలవుతాయి. రిచర్డ్‌సన్ కొండలు దిగితే పీల్ నది. వంతెన లేదు. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు. మంచు కట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో రెండూ ఉండవు, ఆవలివాళ్లు ఆవలే. ఫెర్రీ దిగి కొద్ది దూరం పోతే ఫోర్ట్ మెక్‌ఫర్సన్. వెయ్యిమంది కూడా లేని గ్విచిన్ ఆదివాసుల ఊరు. చాలామంది పెట్రోలు పోయించుకొని సాగిపోతారు. నన్నడిగితే ఈ దారి మొత్తంలో దిగి నడవాల్సిన చోటు ఇదే. ఇక్కడి ఆంగ్లికన్ చర్చి ఆవరణలో ఆ నలుగురి సమాధులున్నాయి.

1910 డిసెంబర్ 21న ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ ముగ్గురు మనుషులతో, మూడు స్లెడ్జి బండ్లతో, వాటిని లాగే 15 కుక్కలతో ఈ ఊరి నుంచి డాసన్‌కు బయలుదేరాడు. పోలీసులు ఏటా చలికాలంలో ఉత్తరాలు మోసుకొని చేసే ప్రయాణమే అది. ఆయన కొత్తవాడేం కాదు, ఉత్తర దేశంలో ఏళ్లపాటు పనిచేసిన దిట్ట. మరుసటి ఏడు లండన్‌లో జరగబోయే ఐదవ జార్జి పట్టాభిషేకానికి వెళ్లే పోలీసు దళంలో ఆయన పేరుంది. వేగంగా పోవాలనుకున్నాడు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని తిండి తక్కువ కట్టించాడు. దారి చూపడానికి ఎంచుకున్న కార్టర్ అనే మాజీ పోలీసు ఆ దారిన వచ్చింది ఒకే ఒక్కసారి, అదీ ఎదురు దిక్కు నుంచి, కొన్నేళ్ల కిందట.

మధ్యలో వారికి ఏశావు జార్జ్ అనే గ్విచిన్ మనిషి తారసపడ్డాడు. ఆ కొండలు, వాగులు అతనికి ఇంటి పెరడు. కొద్ది రోజులు కూలికి దారి చూపాడు. 1911 జనవరి 1న ఫిట్జ్‌జెరాల్డ్ అతని కూలి లెక్క తేల్చి పంపేశాడు. ఇక్కడి నుంచి మాకు తెలుసు అనుకున్నాడు.

పశ్చిమానికి తిరగాల్సిన ఒక వాగును కార్టర్ గుర్తుపట్టలేకపోయాడు. రోజుల తరబడి ఒక్కో వాగులోకీ వెళ్లి చూసి వెనక్కి వచ్చారు. చలి మైనస్ 50 డిగ్రీలకు పైన. తిండి అడుగంటింది. జనవరి 18న వెనుదిరిగారు. బండి లాగే కుక్కలను ఒక్కొక్కటిగా చంపి మిగతా కుక్కలకు పెట్టబోతే అవి ముట్టలేదు, మనుషులే తిన్నారు. డైరీలో చివరి రాత ఫిబ్రవరి 5న. బయలుదేరిన ఊరికి ఇక 40 కిలోమీటర్ల దూరమే ఉండగా ఇన్‌స్పెక్టర్, కార్టర్ కూలిపోయారు. మిగతా ఇద్దరు యువకులు వారికి వెనకాల.

డాసన్‌లో ఎదురుచూసి చూసి ఫిబ్రవరి 28న కార్పొరల్ డెంప్‌స్టర్‌ను వెతకడానికి పంపారు. ఆయన చార్లీ స్టూవర్ట్ అనే గ్విచిన్ దారిచూపరిని వెంటబెట్టుకొని బయలుదేరాడు. మార్చి 21, 22 తేదీల్లో నాలుగు శవాలూ దొరికాయి. కార్టర్ చేతులు ఛాతీ మీద కట్టి ఉన్నాయి, ముఖం మీద చేతిరుమాలు కప్పి ఉంది. చివరిదాకా మిగిలిన ఫిట్జ్‌జెరాల్డ్ తన సహచరుడికి చేయగలిగిన అంత్యక్రియలు అవే. ఆయన జేబులో కాలిన కట్టెతో రాసిన కాగితం దొరికింది. ఉన్నదంతా తల్లికి చెందాలని, దేవుడు అందరినీ దీవించాలని అందులో ఉంది.

ఆ కాగితం గురించి చదివినవాడెవడూ ఆయన్ను తిట్టలేడు. భయపడేవాడు కాదు, క్రూరుడు కాదు, బాధ్యత ఎరిగిన మనిషి. అయినా ఆ జనవరి 1 మాత్రం నన్ను వదలదు. సంఖ్యాకాండం 10వ అధ్యాయంలో మోషే తన బావమరిది హోబాబును బతిమాలే సందర్భం గుర్తుందా? అరణ్యంలో ఎక్కడ గుడారాలు వేయాలో నీకు తెలుసు, మమ్మల్ని విడిచి వెళ్లకు, మాకు కళ్లుగా ఉండు అని అడుగుతాడు. అడిగింది ఎవరు? పగలు మేఘం, రాత్రి అగ్ని ముందు నడుస్తుండగా ప్రయాణిస్తున్నవాడు. అడిగింది ఎవరిని? ఇశ్రాయేలీయుడు కాని మిద్యానువాణ్ని. మొదట హోబాబు రానన్నాడు, మోషే వదల్లేదు. మేఘం ఉండగా మిద్యానువాడెందుకని మోషే అనుకోలేదు. మన ప్రసంగాల్లో మేఘస్తంభానికి దొరికినంత చోటు హోబాబుకు దొరకదు, అది వేరే సంగతి.

ఈ కొండల్లోనే అంతకు ఏడాది ముందు మరో ప్రయాణం జరిగింది. 1909 శరదృతువులో యూకాన్ బిషప్ ఐజక్ స్ట్రింగర్, చార్లెస్ జాన్సన్ అనే సహచరుడితో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు బయలుదేరి, ముందే కమ్మిన చలిలో, పొగమంచులో దారి తప్పాడు. తిండి అయిపోయాక కాళ్లకున్న సీల్ తోలు బూట్లు ఉడికించి, కాల్చి తిన్నారు. ముందు అడుగులు, తర్వాత పైభాగం. అలా 51 రోజులు. చెరో 20 కిలోలకు పైగా తగ్గి ఒక ఆదివాసుల గూడేనికి చేరితే, ఎన్నాళ్లుగానో ఎరిగినవాళ్లు కూడా బిషప్‌ను గుర్తుపట్టలేదు. అయినా తిండిపెట్టి నిలబెట్టారు. బూట్లు తిన్న బిషప్ అని లోకం ఆయన్ని సరదాగా తలచుకుంది. అన్నం పెట్టినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

గ్విచిన్ ప్రజలకు సువార్త చేరిన తీరు కూడా ఇలాంటిదే. రాబర్ట్ మెక్‌డొనాల్డ్ అనే ఆంగ్లికన్ మిషనరీ 1862లో ఈ ప్రాంతానికి వచ్చాడు. ఆయన తల్లి ఒజిబ్వే ఆదివాసి. ఇక్కడే జూలియా కుటుగ్ అనే గ్విచిన్ యువతిని పెళ్లాడాడు. నోటి మాట తప్ప రాత లేని భాషకు అక్షరక్రమం ఏర్పరచి, భార్య సాయంతో బైబిలు అనువదించాడు. కొత్త నిబంధన 1886లో, బైబిలు మొత్తం 1898లో అచ్చయ్యాయి. దొర రాశాడు అని చెప్పుకోవడం మనకు అలవాటు గానీ, ఏ మాటకు ఏ మాట సరిపోతుందో ఇంట్లో పక్కన కూర్చొని చెప్పిన మనిషి లేకపోతే ఆ పుస్తకం లేదు. చదవడం నేర్చుకున్న గ్విచిన్‌లు వేట గుడారాల్లో ఒకరికొకరు నేర్పుకున్నారు, ప్రార్థనలు నడిపారు.

నలుగురి చావు తర్వాత పోలీసు శాఖ పద్ధతి మార్చింది. దారి పొడవునా ఆహారం దాచే చోట్లు, తలదాచుకునే గుడిసెలు ఏర్పరచింది. ఆదివాసి దారిచూపరి లేకుండా బయలుదేరకూడదని కట్టడి చేసింది. ఏశావు జార్జ్ పేరు మాత్రం ఏ రోడ్డుకూ పెట్టలేదు.

మెక్‌ఫర్సన్ దాటాక మెకంజీ మహానది, మరో ఫెర్రీ, ఆపైన ఇనువిక్. ఒకప్పుడు దారి అక్కడితో ఆఖరు. 2017 నవంబర్‌లో మరో 138 కిలోమీటర్ల కంకర రోడ్డు తెరిచి, ఆర్కిటిక్ సముద్రపుటొడ్డున ఉన్న టుక్టొయాక్టక్ దాకా కలిపారు. బండి దిగి ఆ చల్లని నీళ్లలో చేయి ముంచినవాళ్లు ఫొటో తీయించుకుంటారు. అడుగున గడ్డకట్టిన నేల ఏటేటా ఎక్కువ కరుగుతుండటంతో పీల్ నది చుట్టుపక్కల కొండ చరియలు జారుతున్నాయి. రోడ్డును నిలబెట్టడానికి మళ్లీ మళ్లీ కంకర పోయాల్సి వస్తోంది.

తిరిగి రావడానికి వేరే దారి లేదు. మెకంజీ దాటి మళ్లీ మెక్‌ఫర్సన్‌లో పెట్రోలు పోయించుకోవాలి. కొండ మీద వాన పడిందా, పీల్ ఫెర్రీ నడుస్తోందా అని ఆ ఊరివాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది విని బండి తీయాలి.