వెబ్‌సైటున దారి దొరకునా? – శీర్షికల అమరికకు పరీక్షా ప్రణాళిక

గ్రంథాలయమున పుస్తకమున్నంత మాత్రమున అది పాఠకునకు లభించినట్లు కాదు. ఏ బీరువాలో, ఏ వరుసలో నున్నదో తెలియవలెను. పాఠకుని కాలమును ఆదా చేయవలెననుట ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో మద్రాసున ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో నాల్గవది. వెబ్‌సైటునకును ఇదియే నియమము. అందలి శీర్షికలు, ఉపశీర్షికలు, వాని క్రింది పేజీలు చెట్టువలె శాఖోపశాఖలుగా నుండును. ఈ అమరిక కూర్చినవారికి సుబోధముగా తోచుట సహజము. వచ్చినవారికిని అట్లే తోచునా యనునది పరీక్షింపదగినది.

ఇతర రాష్ట్రములందలి తెలుగు సంఘములకు ఈ పరీక్ష మరింత ముఖ్యము. తమిళనాడు, కర్ణాటకములందు తరతరములుగా స్థిరపడిన కుటుంబములలో ఇంట తెలుగు మాట్లాడుచు, బడిలో నేర్చిన తమిళ, కన్నడ లిపులను మాత్రమే చదువగల యువజనులు కలరు. వారికి తెలుగు అక్షరములలోని శీర్షికలు మూసిన తలుపులే.

సైటు పూర్తియగువరకు వేచియుండ నక్కరలేదు. శీర్షికలను చీటీలపై వ్రాసి పరీక్షించు విధమును డోనా స్పెన్సర్ అను నిపుణురాలు 2003లో వివరించిరి. మొదట పై వరుస శీర్షికలను చూపి, ఒకదానిని ఎన్నుకొనగా దాని క్రిందివానిని చూపవలెను. రంగులు, బొమ్మలు ఉండవు గనుక లోపము శీర్షికలలోనో అమరికలోనో కలదని తేటపడును.

ప్రణాళికలో మొదటిది ప్రశ్నల కూర్పు. సభ్యులు నిజముగా వెదకు విషయములనుండి ఎనిమిదింటినో పదింటినో ఎన్నుకొనవలెను. శీర్షికలోని మాట ప్రశ్నలో రారాదు. "పాఠశాలల జాబితా" యను శీర్షిక ఉండగా "పాఠశాలల జాబితా ఎక్కడ?" అని అడుగుట కంటిచూపునకు పరీక్షయగును. "మీ అమ్మాయికి తెలుగు చెప్పు బడి దగ్గరలో నున్నదేమో తెలిసికొనుటకు ఎక్కడ చూచెదరు?" అని అడుగవలెను. సరియైన స్థానములను ముందుగనే వ్రాసి యుంచుకొనవలెను.

రెండవది వ్యక్తుల ఎంపిక. అమరిక నెరిగిన కార్యవర్గ సభ్యులు ఇందుకు తగరు. వృద్ధులు, గృహిణులు, విద్యార్థులు, లిపి రానివారు ఉండవలెను. లిపి రానివారికి మొదట చీటీలను చూపి, పిదప చదివి వినిపింపవలెను. వినినంతనే దారి దొరకినచో అడ్డమైనది లిపియే. అట్టి శీర్షికల ప్రక్కన అదే తెలుగు మాటను స్థానిక లిపిలోను వ్రాయవలెను.

సగటున ఒక్కొక్కరు నూటికి 31 లోపములను, ఐదుగురు కలిసి సుమారు 85 లోపములను బయటపెట్టుదురని నీల్సన్, లాండవర్ 1993లో గణించిరి. లోపములను కనుగొనుటకే ఈ లెక్క. నూటికి ఎందరికి దారి దొరకునో చెప్పుటకు ఐదుగురు చాలరు, పదుల సంఖ్యలో కావలెను.

మూడవది నమోదు. మొదట ఏ శీర్షికను ఎన్నిరి, తిన్నగా పోయిరా, వెనుకకు మరలిరా, గమ్యము చేరిరా యను నాలుగింటిని వ్రాయవలెను. నడుమ సూచనలీయరాదు. పలువురు ఒకే తప్పు శీర్షికకు పోయినచో, ఆ విషయమునకు అచటనుండియు దారి ఉంచవలెను. సవరించిన పిమ్మట అవే ప్రశ్నలతో క్రొత్తవారిని మరల పరీక్షింపవలెను.

ఇందులకు కావలసినవి కొన్ని చీటీలు, ఒక కలము, కొంత ఓపిక. ఇంటి భాషను వెదకుచు వచ్చిన బిడ్డ గుమ్మమునుండియే మరలిపోకుండ సంఘములు ఈపాటి శ్రమకు పూనుకొనవలసియున్నది.