సంతలో కబురు, లింక్డిన్‌లో కొలువు

బొర్రా గుహల కాడ గైడు పని చేసే తమ్ముళ్లూ, రోజూ మీ టార్చిలైటు ఎనకాల ఎంతమంది నడుస్తున్నారో లెక్కేశారా? వైజాగ్ హోటల్ మేనేజరు, హైదరాబాద్ ట్రావెల్స్ ఆయన, కలకత్తా టీచరమ్మ. బైటికొచ్చి ఫొటో దిగి ఎల్లిపోతారు. పరిచయం అక్కడితో సరి. దాన్ని నిలబెట్టుకునే చోటు ఒకటుంది, లింక్డిన్ అని.

2003లో అమెరికాలో మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ కొనీసింది. ఫేస్‌బుక్‌లో పెళ్లి ఫొటోలు పెడతాం, ఇందులో మన పని గురించి పెడతాం. 16 ఏళ్లు నిండితే చాలు, ఖాతా ఫ్రీ. 2024 నుంచి తెలుగులోనూ ఉంది.

పెద్ద ఉద్యోగస్తుల గోల మనకేటి అనుకోకండి. మన సంతనే సూడండి. ఊళ్లోవాళ్లకి మనకి తెలిసిందే తెలుసు. అవతలి కొండ నుంచి దిగినోడి కాడే కొత్త కబురుంటాది: ఎక్కడ కూలి ఎంత, మిరియాలు ఎవులు కొంటన్నారు. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో చెప్పిందీ ఇంచుమించు ఇదే. 2022లో సైన్స్ పత్రికలో, లింక్డిన్‌లోని 2 కోట్ల మందికి పైగా మీద చేసిన ప్రయోగాల ఫలితాలొచ్చాయి. మరీ దగ్గరోళ్లు కాదు, ముక్కూమొగం తెలీనోళ్లూ కాదు, ఓ మోస్తరు ఎరికున్నోళ్ల వల్లే ఉద్యోగాలు ఎక్కువ దొరికాయట.

అయితే ప్రొఫైల్లో ఉత్త 'గైడ్' అని రాసి ఊరుకుంటే ఎవులూ సూడరు. సున్నపురాయి మీంచి నీళ్లు కారి ఆ రూపాలెలా కట్టాయో మీరు చెప్తారు కదా, అది రాయండి. ఇంట్లో ఆడే ఆదివాసీ ఒరియా, టూరిస్టుల నుంచి పట్టుకున్న హిందీ, బెంగాలీ ముక్కలు కూడా రాయండి. చెల్లెళ్లూ, కాఫీ పళ్లు ఏరడం, తొక్క తీయడం, ఎండబెట్టడం మీకు చిన్నప్పట్నించీ వొచ్చు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వొచ్చాక ఆ అనుభవానికి విలువ పెరిగింది. లేనిది మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో దొరికిపోతాం. అక్కడ కొందరి ఇంగ్లీషు గొప్పలు సూసి జడిసిపోనూ వొద్దు, సగం డప్పే.

ఇందులోనూ దొంగలున్నారు. ఉద్యోగమిస్తాం, ముందు ఫీజు కట్టమన్నారంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

యాప్‌లో మీ పేరు మీద క్యూఆర్ కోడ్ ఉంటాది. దాన్ని గేలరీలో దాచుకోండి. గుహ కాడ సిగ్నల్ అందకపోతే, వొచ్చినోళ్లని దాని ఫొటో తీసుకోమనండి. రైల్లో కూర్చున్నాక తెరుస్తారు.