బిడ్డ నోరు విప్పిన రోజు మనం ఏం చేయాలి?

పదో తరగతి పూర్తి కాగానే ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి ఎంతోమంది పిల్లలు ఇంటర్ చదువుకు విజయవాడ హాస్టళ్లకు వెళ్తారు. చాలామందికి ఆ వయసులోనే సొంత ఫోన్ చేతికి వస్తుంది. నిన్నటిదాకా వి.బి.ఎస్.లో పాటలు పాడిన పిల్లలు ఆ ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతున్నారో మనకు తెలియదు. యూత్ మీటింగుల్లో మన ఉపదేశం మాత్రం తరచుగా ఒక్క మాటతో ముగుస్తుంది: ఫోన్‌కు దూరంగా ఉండండి. మంచి మాటే. కానీ అప్పటికే చిక్కులో పడిన బిడ్డకు అది దారి చూపదు.

ఆ చిక్కు ఎలా మొదలవుతుందో చూద్దాం. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఒక ఖాతా కొన్నాళ్లు స్నేహంగా మాట్లాడుతుంది. నమ్మకం కుదిరాక ఒక ఫొటో అడుగుతుంది. ఫొటో అందగానే స్వరం మారుతుంది. డబ్బు పంపు, లేకపోతే మీ వాళ్లందరికీ చూపిస్తాను అంటుంది. ఈ వలలో అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ పడతారు. అమ్మాయి పేరుతో తెరిచిన దొంగ ఖాతాలు అబ్బాయిల కోసమే. బిడ్డ ఏమీ పంపకపోయినా మామూలు ఫొటోను మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్లూ ఉన్నారు.

బెదిరించేవాడు నమ్ముకునేది బిడ్డ భయాన్నే. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు, సంఘంలో తెలిస్తే పరువు పోతుంది అనుకున్న బిడ్డ మౌనంగా ఉంటుంది, అడిగినంత ఇస్తుంది, కొన్నిసార్లు ప్రాణం తీసుకోవాలన్నంత దూరం వెళ్తుంది. కాబట్టి బిడ్డ నోరు విప్పిన ఆ మొదటి గంట చాలా విలువైనది. "నీకెందుకమ్మా ఈ ఫోన్లు, ముందే చెప్పలేదా?" అన్న మాట ఆ గంటలో రాకూడదు. "చెప్పి మంచి పని చేశావు, మేమున్నాం" అన్న మాట రావాలి. తప్పిపోయిన కుమారుడు తాను సిద్ధం చేసుకున్న ఒప్పుకోలు పూర్తి చేయకముందే తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకున్నాడని మనం ఎన్నిసార్లు ప్రసంగాల్లో వినలేదు!

ఆ తరువాత చేయవలసినవి. డబ్బు పంపవద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. చాట్ చెరిపేయవద్దు. బెదిరింపు సందేశాలు, ఖాతా పేరు, ఫోన్ నంబరు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. బిడ్డ ఫొటోను మాత్రం రుజువు పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు. పాస్టరు గారికీ వద్దు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. పిల్లల సహాయానికి 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. విజయవాడలో సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్ ఉంది, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. 18 ఏళ్ల లోపు వారి ఫొటోల కోసం "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్లి, ఆ సేవలో చేరిన వేదికల్లో ఆ ఫొటోను అడ్డుకోవడానికి తోడ్పడుతుంది.

పోలీసులంటే చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు. 2012 నాటి పోక్సో చట్టం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ బిడ్డ కోరిన చోట గానీ తీసుకోవాలని చెబుతుంది. ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ ఎవరో మీడియాలో బయటపెట్టడం నేరం.

సంఘ పెద్దలకు ఒక మాట. పిల్లలపై జరిగిన లైంగిక నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని అదే చట్టం ఆదేశిస్తుంది. తెలిసీ చెప్పకపోవడం శిక్షార్హం. కాబట్టి ఇరు కుటుంబాలను కూర్చోబెట్టి, క్షమాపణ చెప్పించి, ప్రార్థన చేసి పంపేయడంతో మన బాధ్యత తీరదు. వాట్సాప్ గ్రూపులో "ఫలానావారి అమ్మాయి కోసం ప్రార్థించండి" అని పెట్టడం కూడా ఆ బిడ్డను ఊరందరి ముందు నిలబెట్టడమే. పేరు లేకుండా ప్రార్థించినా దేవునికి తెలుసు.

అలాగని నైతిక బోధ వదిలేయమని మేము అనడం లేదు. శరీరాన్ని గౌరవించడం, చూడకూడనివి చూడకపోవడం, ఎదుటివారి ఫొటోను నవ్వులాటకు పంపకపోవడం పిల్లలకు స్పష్టంగా నేర్పాలి. పిల్లల అశ్లీల దృశ్యాలను పంపితే ఐటీ చట్టం కింద మొదటిసారే ఐదేళ్ల వరకు జైలు ఉండవచ్చు. చూడడానికి దాచుకోవడం కూడా నేరం కాగలదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి యూత్ మీటింగులో అబ్బాయిలకు సూటిగా చెప్పాలి. అయితే ఆపదలో ఉన్న బిడ్డకు ముందు రక్షణ, ఆ తరువాతే బోధ.

1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి తెరిచిన కాలం నుంచీ ఈ డెల్టాలో పిల్లల చదువు సంఘం బాధ్యతల్లో ఒకటిగా ఉంది. నేడు ఆ బాధ్యత ఫోన్ దాకా వచ్చింది. ప్రతి సంఘమూ నమ్మకస్థులైన ఒక సహోదరిని, ఒక సహోదరుణ్ణి ఈ పనికి ఏర్పరచి, వారి పేర్లు పిల్లలకు చెప్పాలి. ఇంట్లో తల్లిదండ్రులు ఈ ఆదివారమే భోజనాల దగ్గర బిడ్డతో ఒక్క మాట అనాలి: "ఏం జరిగినా ముందు మాకు చెప్పు. తిట్టము." ఆ మాట మీద నిలబడాలి కూడా.