గట్టు మీది వావిలి... గింజకు కావలి

పొలం గట్లు, వాగు ఒడ్లు, చెరువు కట్టల మీద గుబురుగా పెరిగే పొద వావిలి. కొన్నిచోట్ల వాయిలి అంటారు. ఊదా రంగు పూలు పూస్తుంది. ఆకు నలిపితే ఘాటు వాసన. పశువులు, మేకలు పెద్దగా ముట్టవు. అందుకే పనికిరాని కంప అనుకుని గట్టు చెక్కేటప్పుడు నరికేస్తుంటాం. కానీ పైసా ఖర్చు లేకుండా ఇంటికీ చేనుకూ అక్కరకొచ్చే మొక్క ఇది.

విత్తనానికి రక్షణ

పెసలు, మినుములు, కందులు దాచిన కొన్నాళ్లకే బొక్కలు పడి పిండి రాలడం చూస్తుంటాం. ఇది పుచ్చు పురుగు పని. పంట చేలో ఉండగానే కాయల మీద గుడ్లు పెట్టి, గింజతో పాటే ఇంటికి చేరుతుంది. అందుకని ముందు గింజను బాగా ఎండబెట్టాలి. పంటి కింద పెడితే పటుక్కున విరగాలి. వావిలాకును మాత్రం నీడలో ఆరబెట్టుకోవాలి. పచ్చి ఆకు వేస్తే చెమ్మకు బూజు పడుతుంది. కుండ అడుగున ఒక వరుస ఆకు, ఆపైన జానెడు గింజలు, మళ్లీ ఆకు... ఇలా నింపి, పైన గుడ్డతో వాసెన కట్టాలి. ఎండు వేపాకు కూడా కలుపుకోవచ్చు.

ఒక్క సంగతి మరవొద్దు. వావిలాకు పురుగును దగ్గరకు రానివ్వకుండా చూస్తుందే గానీ, గింజ లోపల చేరినదాన్ని చంపదు. నెలకోసారి చూసుకుని, పురుగు కనిపిస్తే జల్లించి, ఎండబోసి, కొత్త ఆకు వేయాలి.

ఇంట్లో గ్యాస్ బిళ్లలు వద్దు

పురుగు పడిందని కొందరు బస్తాల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడుతుంటారు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఈ బిళ్లలు పెడితే ప్రాణాలకే ముప్పు. నాలుగు కుంచాల గింజల కోసం పిల్లల్ని పోగొట్టుకోవద్దు.

చేనుకు కషాయం

5 కిలోల వావిలాకును 10 లీటర్ల నీటిలో అరగంట ఉడికించి, చల్లార్చి వడపోయాలి. 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్ల నీటితో ఎకరానికి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే ఫలితం ఉంటుంది.

ఒళ్లు నొప్పులకు

బాలింతలకు వావిలాకు కాచిన నీళ్లు పోయడం మన ఇళ్లలో పాత అలవాటే. నాట్లు, కోతలప్పుడు నడుములు పట్టేస్తే ఈ నీళ్లు గోరువెచ్చగా పోసుకుంటే హాయిగా ఉంటుంది. సొంత వైద్యంగా లోపలికి మాత్రం తాగొద్దు. జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

గట్టున వావిలి లేకపోతే తొలకరిలో మూరెడు కొమ్మలు నాటండి. గట్టు కోసుకుపోకుండా కాస్తుంది, కంచెగానూ ఉంటుంది.