యంత్రబుద్ధియు, మన యిరువురు సహాయకులును

జలుమూరు మండలమున శ్రీముఖలింగము చుట్టుపట్ల వంశధార నీటితో వరి పండించు రైతునకు ఆపదవేళ అక్కరకు వచ్చువారు ఇరువురు కలరు. పైరునకు తెగులు సోకినప్పుడు వ్యవసాయ సహాయకుడు. ఇంటిలో గర్భిణికిగాని వృద్ధులకుగాని అస్వస్థత కలిగినప్పుడు ఆశా కార్యకర్త. ఆశా పథకము 2005వ సంవత్సరమున ఏర్పడినది. సహాయకుడు పనిచేయు కేంద్రములు 2020లో రైతు భరోసా కేంద్రములను పేర వెలసి, నేడు రైతు సేవా కేంద్రములని పిలువబడుచున్నవి. ఇప్పు డీ యిరువురి పనిలోనికిని కృత్రిమ మేధ యను యంత్రబుద్ధి ప్రవేశించుచున్నది. దానివలన ఎవరి పని యెట్లు మారునో, మనకు లాభమో నష్టమో విచారించుట సభ్యులకు అవసరము.

ఇది మంత్రము కాదు. లక్షలకొలది చిత్రములను, వ్రాతలను కంప్యూటరునకు చూపి, వానిలోని పోలికలను గుర్తించుట నేర్పుటయే దీని మర్మము. తనకు చూపినదానిని బట్టియే అది చెప్పును, చూపనిదానిని ఎరుగదు.

దీనివలన మేలు లేదనరాదు. 2016వ సంవత్సరమున కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుసెనగ రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు విత్తు అదనును సెల్‌ఫోను సందేశముల ద్వారా తెలిపినవి. ఆ మాట పాటించినవారికి దిగుబడి సగటున 30 శాతము హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. 2023లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన కిసాన్ ఇ-మిత్ర, పీఎం కిసాన్ సొమ్మును గూర్చిన ప్రశ్నలకు బదులు చెప్పుచున్నది. 2024లో వచ్చిన జాతీయ చీడల పర్యవేక్షణ విధానమున, చీడ ఫొటో తీసి పంపినచో అది యేదో ఫోనే తెలుపును.

అయినను ఒక సంగతి యోచింపుడు. వరిచేను అక్కడక్కడ పసుపువారినది. రైతు ఆకుల ఫొటో మాత్రము పంపెను. యంత్రము దానిని నత్రజని లోపమని తలచి యూరియా వేయుమనెననుకొందము. కాని యది సుడిదోమ యైనచో? దోమ ఆకుపై నుండదు. దుబ్బు మొదట, నీటిమట్టమునకు కొంచెము పైన చేరి రసము పీల్చును. యూరియా హెచ్చిన కొలది దోమయు హెచ్చును. కొలది దినములలో చేను సుడులు సుడులుగా మాడిపోవును. అనుభవము గల సహాయకుడు చేనిలోనికి దిగి, దుబ్బు విడదీసి తట్టి చూచును. దోమ నీటిపై రాలినచో యూరియా వలదనును, నీరు తీసివేయుమనును, మందు మొదళ్లకు తగులునట్లు కొట్టుమనును. వచ్చు పంటకు రెండు మీటర్ల కొకటి చొప్పున కాలిబాటలు తీయుమని చెప్పును.

ఇక ఆశా కార్యకర్త పని చూతము. రక్తపుపోటు కొలుచుటకు పరికరము కలదు. ప్రమాదము గల గర్భిణులను లెక్కనుబట్టి ఏరిచూపుటకు యంత్రబుద్ధియు తోడ్పడగలదు. కాని కాళ్లవాపు, తలనొప్పి, చూపు మసకబారుట మొదలగు బాధలను కోడలు అత్తగారి యెదుట చెప్పదు. చెంత కూర్చుండిన ఆశాతో మెల్లగా చెప్పుకొనును. మన జిల్లాలోని ఉద్దానమునందు మూత్రపిండముల వ్యాధి యెందరినో పీడించుచున్నది. తొలిదశలో ఆ వ్యాధికి బాధ కనబడదు. బాధ లేనివానిని రక్తపరీక్షకు ఒప్పించుట మనిషి చేయవలసిన పని.

ఈ రెండింటిని పోల్చినచో భేదము స్పష్టమగును. సహాయకుని పనిలో సలహా చెప్పుట పెద్దపాలు. ఆ పాలును యంత్రము త్వరలోనే చాలవరకు గైకొనవచ్చును. కావున అతని కొలువునకే ముప్పు హెచ్చు. ఆశా పనిలో ఇల్లు తిరుగుట, ఒప్పించుట, వెంట ఆసుపత్రికి పోవుట పెద్దపాలు. అది యంత్రమునకు లొంగదు. అయినను ఇరువురికిని రికార్డులు నింపుట పెద్ద భారము. ఆ భారమును యంత్రము మోసినచో మిగులు కాలము ఎవరికి చెందవలెను? మన చేలకు, మన యిండ్లకు చెందవలెను. అట్లుగాక, పని తగ్గినదని ఒక్కరికే మరి నాలుగు గ్రామము లప్పగించినచో మనకు మిగులునది ఫోను మాత్రమే.

మరియొకటి. సహాయకుడు తప్పు చెప్పినచో మరునాడు మనము నిలదీయగలము. యంత్రము తప్పు చెప్పి పంట పోయినచో ఎవరి నడుగవలెను? దీనికి సమాధానము ముందే రాబట్టవలెను.

కావున సభ్యులకు మా మనవి మూడు మాటలు. ఫోను సలహాను వినుడు. కాని మందు, ఎరువు కొనుటకు ముందు దుబ్బు తట్టి చూచి, సహాయకునికి చేను చూపుడు. ఏ సలహా ఫలించినదో, ఏది తప్పినదో తేదీతో సంఘపు పుస్తకమున వ్రాయించుడు. ఒక్కరి నష్టము నూర్గురకు హెచ్చరిక యగును. యంత్రము వచ్చినదను నెపమున సహాయకుని స్థానమునుగాని ఆశా స్థానమునుగాని ఖాళీగా ఉంచరాదని గ్రామసభలో తీర్మానము చేయించుడు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తేవలెనని కోరుచున్నాము.